తక్కువ ధర బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొంటున్నారా? ముందు స్టాక్ చూడండి

తక్కువ ధర రైఫిల్‌లో కంపెనీ డబ్బు ఎక్కడ మిగుల్చుకుందో కనిపెడితే తనిఖీ సగం అయిపోయినట్టే. బ్యారెల్ దగ్గర మిగుల్చుకోవడం ఈ రోజుల్లో తక్కువ. సావేజ్ యాక్సిస్, రూగర్ అమెరికన్ లాంటి చవక రకాల్లోనూ బ్యారెల్ బాగానే కొడుతుంది. కోత పడేది ప్లాస్టిక్ స్టాక్‌లో (భుజానికి ఆనించే, బ్యారెల్‌ను మోసే ఒడి), మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టె), బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) నునుపులో.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర సరదా వేటకు తావు లేదు. హంటింగ్ రైఫిల్ అన్నది ఇక్కడ తయారీ రకానికి పేరు మాత్రమే. హైదరాబాద్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు దాన్ని వాడాల్సింది రేంజ్‌లో, కాగితం టార్గెట్ మీద. మామూలు లైసెన్సుదారులకు విదేశీ తుపాకుల దిగుమతి దశాబ్దాలుగా మూసే ఉంది కాబట్టి విదేశీవి చేతులు మారినవే దొరుకుతాయి, అవీ చవక కాదు. అందుకే తనిఖీ ఇంకా గట్టిగా ఉండాలి. డాలస్‌లో మనవాళ్లు కొత్తది కొంటున్నా పరీక్ష ఇదే.

ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌ను (తూటా కూర్చునే గది) కళ్లతో చూడండి, చిటికెనవేలు పెట్టి తడిమి చూడండి. దుకాణదారు "ఖాళీయే సార్" అన్నా సరే. తర్వాత బోల్ట్ మీద నంబరు ఉంటే, దాన్ని రిసీవర్ (బోల్ట్ కదిలే గూడు) మీది నంబరుతో పోల్చండి. వేరే రైఫిల్ బోల్ట్ వేసి ఉంటే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ ఛాంబర్‌లో తూటా ఆగే చోటుకూ మధ్య దూరం) తప్పి, కాల్చినప్పుడు కేస్ (తూటా ఇత్తడి గొట్టం) చిట్లే ప్రమాదం ఉంది. ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) ఆ దూరాన్ని గో, నో-గో అనే కొలత గేజ్‌లతో చూసేదాకా దానిలో తూటా పెట్టొద్దు.

ఇక స్టాక్. ఒక కాగితం ముక్కను బ్యారెల్ కింద దూర్చి, ఫోర్‌ఎండ్ (స్టాక్ ముందు భాగం) కొస నుంచి రిసీవర్ దాకా లాగండి. ఎక్కడా పట్టకుండా జారితే బ్యారెల్ స్వేచ్ఛగా ఉన్నట్టు. అంతటితో ఆగితే మోసపోతారు. రైఫిల్‌ను బెంచ్ మీద, ఇసుక సంచి ఫోర్‌ఎండ్ కొసకు వచ్చేలా పెట్టి, పైనుంచి ఒక మోస్తరుగా నొక్కుతూ కాగితం మళ్లీ లాగండి. చవక స్టాక్ ఇక్కడ దొరికిపోతుంది: లోపల బోలు, పలచటి గోడలు, నొక్కగానే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. కాల్చేటప్పుడు సంచి ఒత్తిడి, స్లింగ్ (భుజానికి తగిలించే పట్టీ) లాగుడు ప్రతిసారీ ఒకేలా ఉండవు. తాకిడి మారితే గుండు పడే చోటూ మారుతుంది. పక్కలకు కూడా రెండు వేళ్లతో నొక్కి చూడండి. కొన్ని నిలువునా గట్టిగా ఉండి, పక్కకు మెత్తగా ఉంటాయి.

దీన్ని బాగుచేసుకోవచ్చు. గుండ్రటి కర్రకు 80 నంబరు ఉప్పు కాగితం చుట్టి, బ్యారెల్ గాడిని రెండు మిల్లీమీటర్ల సందు వచ్చేదాకా గీకడం తేలిక మార్గం. ఇంకా గట్టిపడాలంటే ఫోర్‌ఎండ్ గళ్లలో అల్యూమినియం కడ్డీ పెట్టి ఎపాక్సీ నింపాలి. అయితే స్టాక్ పాలీప్రొపిలీన్‌ది అయితే ఎపాక్సీ దానికి అతుక్కోదు, ఎండాక పెచ్చులా ఊడి వస్తుంది. గోడలకు చిన్న చిన్న రంధ్రాలు వేసి, ఎపాక్సీ వాటిలోకి దిగి గట్టిపడేలా చేయాలి.

యాక్షన్‌ను (రిసీవర్, బోల్ట్ కలిసిన భాగం) స్టాక్‌కు బిగించే యాక్షన్ స్క్రూలు కూడా స్టాక్‌లో భాగమే అనుకోండి. చూపుడువేలు ఫోర్‌ఎండ్ కొసకూ బ్యారెల్‌కూ మధ్య ఆనించి ఉంచి, ముందు స్క్రూ వదులు చేసి మళ్లీ బిగించండి. వేలికి కదలిక తెలిసిందంటే స్క్రూ బిగించిన ప్రతిసారీ యాక్షన్ వంగుతోంది, బెడ్డింగ్ (స్టాక్‌లో యాక్షన్ కూర్చునే తీరు) సరిగా లేదు. బిగింపు కొలతకు కంపెనీ మాన్యువలే ప్రమాణం. మాన్యువల్ లేకపోతే, స్క్రూల చుట్టూ అల్యూమినియం పిల్లర్లు (గొట్టాలు) ఉన్నవాటికి 60 ఇంచ్-పౌండ్లు, అంటే 6.8 న్యూటన్ మీటర్లు. ఒట్టి ప్లాస్టిక్ మీద కూర్చునేవాటికి 35, అంటే 4 న్యూటన్ మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ నలిగి, వారంలోనే మళ్లీ వదులవుతుంది.

దుకాణదారు ఒప్పుకుంటే స్టాక్ విప్పించి చూడండి. ప్లాస్టిక్‌కు వానతో నష్టం లేదు, లోపలి ఇనుముకు ఉంది. జూలై, ఆగస్టు తేమ బోలు గళ్లలో నిలిచి, స్టాక్ అంచు కింద బ్యారెల్‌కు తుప్పు పడుతుంది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. గోరుకు తగిలే గుంట ఉంటే ధర తగ్గించమనాలి.

బోల్ట్ గరగరలాడితే కంగారు పడొద్దు, తయారీ యంత్రాలు వేసిన గీతలవి. లగ్గుల (బోల్ట్‌ను తాళంలా పట్టి ఉంచే బొడిపెలు) వెనక, బోల్ట్ ఎత్తినప్పుడు కాక్ అయ్యే (స్ప్రింగ్ బిగిసే) వాలు మీద కొంచెం గ్రీజు పెట్టి వాడుతుంటే నునుపు తేలుతుంది. ట్రిగ్గర్ దగ్గర మాత్రం రాజీ వద్దు. ఖాళీ రైఫిల్‌లో సేఫ్టీ వేసి ట్రిగ్గర్ నొక్కి వదలండి, ఆ తర్వాత సేఫ్టీ తీయండి. సేఫ్టీ తీయగానే స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) పడిందా, ఆ రైఫిల్ అక్కడే వదిలేయండి. బోల్ట్‌ను గట్టిగా కొట్టి మూసినప్పుడు పడినా అంతే. లాగుడు బరువు 1.4 నుంచి 1.8 కిలోల మధ్య ఉంటే హాయి.

మ్యాగజైన్ ప్లాస్టిక్‌దైతే గొళ్లెం అరిగిందేమో చూడండి. డమ్మీ రౌండ్లు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) నిండా వేసి మెల్లగా, తర్వాత వేగంగా ఆడించండి. విదేశీ రకాలకు ఇంకో మ్యాగజైన్ ఇక్కడ దొరకడం గగనం. పగిలితే రైఫిల్ ఒక్క తూటాదైపోతుంది. .315 బోర్ లాంటి, అడుగున అంచు పొడుచుకొచ్చిన తూటాలైతే పైదాని అంచు కిందిదాని అంచుకు వెనక పడితే చిక్కుకుంటుంది. నింపేటప్పుడే ముందుకు జరిపి పెట్టాలి.

బ్యారెల్ మూతి అంచు చుట్టూ ఇయర్ బడ్ తిప్పండి. దూది పీచు చిక్కిన చోట నొక్కు ఉంది. లోపలికి వెలుతురు పెట్టి చూసినప్పుడు ఉంగరంలా నల్లటి నీడ కనిపిస్తే అది ఉబ్బు. కొనొద్దు.

కాల్చి చూసే అవకాశం లైసెన్సు ఉన్న రేంజ్‌లో దొరికితే, ఇక్కడ మీకు మళ్లీ మళ్లీ దొరికే తూటాలతోనే చూడండి. మూడు గుండ్ల గ్రూపు (ఒకే గురి మీద కాల్చిన గుండ్ల గుంపు) నమ్మదగినది కాదు, అయిదు కాల్చాలి. సన్నటి బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది కాబట్టి గ్రూపుకూ గ్రూపుకూ మధ్య చల్లారనివ్వాలి. మే ఎండలో దానికి చాలాసేపు పడుతుంది, రైఫిల్‌ను నీడలో పెట్టండి. గ్రూపు వెడల్పు 100 మీటర్లలో నాలుగున్నర సెంటీమీటర్లు, 50 మీటర్లలో 2.2 సెంటీమీటర్లు వస్తే ఈ ధరకు మంచి రైఫిల్.

ఒక గ్రూపు సంచిని మ్యాగజైన్ ముందు పెట్టి, ఇంకొకటి ఫోర్‌ఎండ్ కొసకు జరిపి కాల్చండి. రెండో గ్రూపు పైకో పక్కకో జరిగిందంటే స్టాక్ తాకుతోంది. వేడెక్కేకొద్దీ గుండ్లు నిలువు వరసలో పాకినా సాధారణంగా అదే కారణం. రెండు విడి గుంపులుగా పడుతుంటే స్కోప్ బేస్ స్క్రూలు, యాక్షన్ స్క్రూలు చూడండి. ఎటుపడితే అటు చెదిరితే తూటా మార్చి చూసి, ఆ తర్వాతే బ్యారెల్‌ను అనుమానించండి.

బేరం కుదిరినా డబ్బు ఇచ్చేముందు రైఫిల్ బోర్ (తూటా కొలత) మీ లైసెన్సులో రాసి ఉన్నదేనా చూసుకోండి. 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు రెండే తుపాకులు. రైఫిల్ మీద కొట్టిన నంబరును అమ్మేవారి లైసెన్సులో ఉన్న నంబరుతో అక్షరం అక్షరం సరిచూడండి.