చీకటి నవల రాద్దాం - నాలుగో పాఠం: కడగని మడమ

పోయిన పాఠంలో మీ కథానాయకుడు 'నా వల్ల కాదు' అనే సన్నివేశాన్ని ఒక పేజీలో రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. అందులో 'నేను మామూలు మనిషిని' అనే వాక్యం ఉంటే కొట్టేయండి. అది వినయమే కానీ అయిష్టం కాదు. వినయం నాలుగుసార్లు బతిమాలితే కరిగిపోతుంది.

విరాటపర్వంలో ఉత్తరకుమారుడు అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేనను చూడగానే రథం దూకి పరుగు తీస్తాడు. మనం నవ్వుతాం. ఆ భయం వెనక పిరికితనం తప్ప కారణం లేదు కాబట్టే నవ్వగలుగుతాం. చీకటి నవలలో మాత్రం నాయకుడు వద్దంటే పాఠకుడు కూడా 'అవును, దాని జోలికి పోకు' అనుకోవాలి. అంటే అతని నిరాకరణ సరైనదై ఉండాలి.

ఈ పాఠాలకు మనం అల్లుకుంటున్న కథే తీసుకుందాం. 1908. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర యాదగిరి తాళంచెవులు చేస్తుంటాడు. రెండేళ్లుగా కుడిచేయి వణుకు. ఆకురాయి జారి ఇత్తడి చెవి పన్ను ఒకటి ఎక్కువ అరిగిపోతుంది, బేరం పోతుంది. పని నేర్పిన ఉస్తాద్ చనిపోతూ ఏ తాళాన్నైనా తెరిచే నల్లటి చెవి ఒకటి ఇవ్వబోయాడు. షరతు ఒక్కటే: వాడితే తెల్లవారేలోగా దాన్ని తిరిగి పెట్టెలో పెట్టెయ్యాలి. యాదగిరి వద్దన్నాడు. ఎందుకంటే ఆ చివరి వారం ఉస్తాద్‌కు అన్నం తినిపించింది అతనే. మూసిన తలుపు కనిపిస్తే చాలు, ముసలాయన గోళ్లు ఊడేదాకా గీకేవాడు. ఇదీ అయిష్టమంటే! కళ్లతో చూసినదాన్ని ఎవరు మాత్రం కోరి తెచ్చుకుంటారు? అయినా ముసలాయన పోయాక ఆ పెట్టెను పారేసే ధైర్యం లేక ఇంట్లో బియ్యం కుండ వెనక దాచాడు.

మరి ఒప్పించడం ఎలా? ఇక్కడే చాలామంది భవిష్యవాణి చెప్పే సాధువును దింపుతారు. దయచేసి దింపకండి. ఊరికి సొంత చరిత్ర ఉండగా సాధువు దేనికి? ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ పొంగింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. వీలైతే ఒకసారి వెళ్లి ఆ చెట్టు కింద నిలబడి రండి. ఏ కొమ్మ ఎంతమందిని మోసిందో ఊహించడం కూడా అభ్యాసమే.

యాదగిరి ఇల్లు వదిలి ఆ చెట్టు వైపే పోతుంటాడు, పెట్టె చంకలో ఉంటుంది. దారిలో బయట తాళం వేసిన ఇల్లు. లోపల పసిపిల్ల ఏడుపు. నీళ్లు గడప దాటాయి. ఇక చెవి తీయక తప్పుతుందా? చెడును లోపలికి రానిచ్చింది అతని జాలి. అత్యాశ వల్ల చెడిపోయేవాణ్ణి చూసి పాఠకుడు తల తిప్పుకుంటాడు. జాలి వల్ల చెడిపోయేవాణ్ణి వదలలేడు.

ఇప్పుడు అసలు పాఠం. నలుడిలో ప్రవేశించడానికి కలి ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాడు. చివరికి దొరికిన సందు ఏమిటి? ఒక సాయంత్రం నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చాడు. అంతే. రాజ్యం పోవడానికి, అడవిలో భార్యను వదిలిపోవడానికి ఆ కడగని మడమ చాలింది. మీ నాయకుడికీ అలాంటి మడమ ఒకటి వెతకండి. అది ఎంత చిన్నదైతే అంత మంచిది.

యాదగిరిది ఇలా రాశాను:

'తెల్లవారుతోంది. పిల్లను ఎవరో కొమ్మ మీదికి అందుకున్నారు. యాదగిరి పెట్టె మూత తీశాడు. చెవి పట్టుకున్న చేతిని చూసుకున్నాడు. వణకడం లేదు. వేళ్లు చాపాడు, ముడిచాడు. పైన ఎవరో దగ్గారు. చెవిని మొలతాడుకు కట్టుకుని, ఖాళీ పెట్టెను జాగ్రత్తగా మూశాడు.'

ఇందులో నల్లటి పొగ లేదు, ఎర్రటి కళ్లు లేవు, గుహలోంచి వచ్చే గొంతూ లేదు. అవన్నీ వాడుకోవాలని చేతులు దురద పెడతాయి, నాకూ పెట్టాయి. కానీ చెడు మొదట మేలు చేయాలి. ఆ మేలు కూడా అతనికి నిజంగా కావలసినదై ఉండాలి. ఖాళీ పెట్టెను ఎందుకు మూశాడో నేను చెప్పలేదు, మీరూ చెప్పకండి.

ఈ వారం అభ్యాసం. మీ నాయకుడి శరీరంలో ఒక లోపం ఎంచుకోండి. అతను ఒక మంచిపని చేసిన వెంటనే ఆ లోపం పోవాలి. పది వాక్యాలు మించకూడదు. 'చెడు', 'చీకటి', 'శాపం' అనే మాటలు రాకూడదు. రాశాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. 'పోనీలే పాపం, బాగుపడ్డాడు' అన్నారంటే సరిగ్గా వచ్చినట్టు.

వచ్చే పాఠంలో యాదగిరి రెండో తలుపు తెరుస్తాడు. దాని వెనక ఎవరూ ఏడవడం లేదు.