సి లో టీసీపీ ఆప్షన్లు చదివే ఫంక్షన్ ఎలా రాయాలి?

బెంగళూరులో మా టీమ్‌లోకి అనంతపురం నుంచో కర్నూలు నుంచో కొత్తగా వచ్చే పిల్లలకు టీసీపీ హెడర్ చివర వచ్చే అదనపు సమాచారాన్ని, అంటే ఆప్షన్లను, చదివే ఈ పనే ముందు ఇస్తాను. అందరూ దెబ్బతినేది ఒక్కచోటే.

లైనక్స్ మెషిన్, జీసీసీ, ప్యాకెట్లను పట్టే టూల్ టీసీపీడంప్‌తో పట్టిన ఒక సిన్ ప్యాకెట్ (కనెక్షన్ మొదలుపెట్టే ప్యాకెట్) ఉంటే చాలు. టీసీపీ హెడర్‌లో ఉండే డేటా ఆఫ్‌సెట్ అనే అంకెను 4తో గుణిస్తే హెడర్ సైజు వస్తుంది. అది 20 కంటే తక్కువైనా, చేతికొచ్చిన బైట్లకంటే ఎక్కువైనా ప్యాకెట్‌ను వదిలేయండి. 20 పోగా మిగిలినవే ఆప్షన్లు, ఎంత చేసినా 40 బైట్లు దాటవు.

ఫంక్షన్‌కు అన్‌సైన్డ్ బైట్ పాయింటర్, మిగిలిన బైట్ల లెక్క, ఈ రెండే ఇవ్వండి. స్ట్రక్ట్ కట్టి దాని మీదికి క్యాస్ట్ చేయకండి. ఆప్షన్లు ఏ వరుసలోనైనా రావచ్చు, అలైన్‌మెంట్‌కు గ్యారంటీ లేదు, మెమ్‌కాపీ చేసుకుని బైట్ ఆర్డర్ మార్చుకోవడమే పద్ధతి. ప్రతి ఆప్షన్ మొదటి బైటు దాని రకం చెప్పే కైండ్. కైండ్ 0 అయితే ఆగండి, 1 అయితే ఒక్క బైటు జరగండి, ఈ రెండింటికీ లెంగ్త్ బైటు ఉండదు.

మిగతావాటికి కైండ్ పక్క బైటులో లెంగ్త్, అంటే ఆ ఆప్షన్ మొత్తం సైజు, ఉంటుంది, ఇక్కడ నిదానించండి. ఆ అంకెలో కైండ్ బైటు, లెంగ్త్ బైటు కూడా కలిసే ఉంటాయి, అందుకే ఎంఎస్‌ఎస్‌కు (ఒక సెగ్మెంట్‌లో గరిష్ఠంగా ఎంత డేటా పంపొచ్చో చెప్పే ఆప్షన్, కైండ్ 2) డేటా 2 బైట్లే అయినా లెంగ్త్ 4. లెంగ్త్ చదవకముందే కనీసం 2 బైట్లు మిగిలాయో లేదో చూడాలి, చదివాక అది 2 కంటే తక్కువైనా, మిగిలినదానికంటే ఎక్కువైనా వెంటనే బయటికి వచ్చేయాలి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, లెంగ్త్ 0 వస్తే పాయింటర్ ఉన్నచోటే ఉంటుంది, లూప్ ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. ఒక రాత్రి రెండింటిదాకా మారతహళ్లి ఆఫీసులో కూర్చుని, సీపీయూ 100 శాతం ఎందుకు తింటోందో వెతికితే చివరికి దొరికినవి 8, 0 అనే రెండు బైట్లు, అంటే టైమ్‌స్టాంప్ కైండ్, దానికి లెంగ్త్ 0. లెంగ్త్ 1 అయితే ఇంకా ప్రమాదం. డేటా సైజు కోసం అందులోంచి 2 తీసేస్తారు, అన్‌సైన్డ్‌లో అది మైనస్ 1 కాదు, కొండంత అంకె, దాన్ని మెమ్‌కాపీకి ఇస్తే ప్రోగ్రామ్ అక్కడే కూలుతుంది.

తెలియని కైండ్ వస్తే ప్యాకెట్‌ను పారేయకండి, లెంగ్త్ మేర దాటి ముందుకు వెళ్లండి. తెలిసినవాటికి ఎంఎస్‌ఎస్ 4, విండో స్కేల్ (రిసీవ్ విండోను పెద్దది చేసే ఆప్షన్, కైండ్ 3) 3, టైమ్‌స్టాంప్ 10 అని లెంగ్త్ సరిపోల్చాకే విలువ తీసుకోండి. ఎంఎస్‌ఎస్, విండో స్కేల్ సిన్ బిట్ ఉన్న ప్యాకెట్లలోనే చెల్లుతాయి, విండో స్కేల్ 14 మించితే 14గానే తీసుకోవాలి.

టెస్ట్‌కు 2, 4, 5, 180 ఇస్తే ఎంఎస్‌ఎస్ 1460 రావాలి. తర్వాత 8, 0 ఇవ్వండి, 3, 1 ఇవ్వండి, ఒంటరిగా 2 ఇవ్వండి. ప్రతిసారీ సరిగ్గా అన్ని బైట్లే మాలాక్ చేసి, అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే జీసీసీ సౌకర్యం) పెట్టి నడపండి. పెద్ద బఫర్‌లో పెడితే ఒక బైటు అవతలికి చదివినా అది పట్టుకోదు.