అయినవారి పేరిట జంతువులకు ఆశ్రయం: గుంటూరు, విజయవాడ పరిసరాల్లో మొదలుపెట్టేవారికి

పూర్వం మన పల్లెల్లో కాలం చేసినవారి పేరిట ఒక కోడెదూడకు అచ్చువేసి ఊరిమీదికి వదిలేవారు. శాస్త్రం దానిని వృషోత్సర్జనం అంటుంది; జనం మాటలో అది అచ్చోసిన ఆంబోతు. ఏ పొలంలో పడి మేసినా దానిని కొట్టేవారు కాదు, ఎందుకంటే దాని పోషణ ఊరందరి పూచీ. ఇప్పుడు ఆ ఉమ్మడి బీళ్లూ లేవు, ఆ పూచీ పడే ఊరూ లేదు. కాబట్టి పోయినవారి జ్ఞాపకంగా జంతువులకు ఒక ఆశ్రయం కట్టాలనుకునేవారు బోర్డు మీద రాయించే పేరు కంటే ముందు ఈ పూచీ గురించి ఆలోచించాలి. పొద్దున్నే మేత వేసేది ఎవరు, ఆ మనిషి రాని రోజున వేసేది ఎవరు, మీ తర్వాత వేసేది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే మిగిలిన పనులు మొదలుపెట్టాలి.

మా తమ్ముడు ఆటో నడిపేవాడు. గుంటూరు నుంచి మంగళగిరి వెళ్లే జాతీయ రహదారి మీద బండ్లు తగిలి పడి ఉన్న కుక్కలను పశువుల ఆసుపత్రికి చేర్చడానికి సీటు వెనక ఎప్పుడూ ఒక గోనెసంచి మడిచి పెట్టుకునేవాడు; ఎన్నిసార్లు ఉతికినా దాని మీద పసుపు మరకలూ నెత్తుటి మరకలూ పోయేవి కావు. అతను పోయిన పదకొండో రోజున, భోజనాల దగ్గర, బంధువులందరూ అతని పేరున ఒక షెల్టర్ పెట్టాలన్నారు, తలా ఇంత ఇస్తామన్నారు. ఆ మాటలు మనసులోంచి వచ్చినవే, కానీ దుఃఖం పచ్చిగా ఉన్నప్పుడు ఇచ్చిన మాటలను నమ్ముకుని గోడలు లేపకూడదు. కనీసం సంవత్సరీకం అయ్యేదాకా స్థలం కొనవద్దని, కాగితాల మీద సంతకాలు చేయవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ ఏడాది పాటు, ఇప్పటికే నడుస్తున్న ఏదో ఒక షెల్టర్‌కో గోశాలకో వారానికి రెండు రోజులు వెళ్లి, పెంట ఎత్తడం, పుళ్లు కడగడం, మందులు పట్టించడం మీ చేతులతో చేసి చూడండి. పురుగు పట్టిన పుండు వాసన తట్టుకోలేకపోతే అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అదే డబ్బుతో ఆ సంస్థలోనే మీవారి పేరున ఒక గది కట్టించవచ్చు, అది కూడా నిండైన స్మారకమే.

ఏ జంతువులకు ఆశ్రయం ఇవ్వాలన్నది పోయిన మనిషి బ్రతికిన తీరును బట్టి నిర్ణయించుకోవడం మంచిది. అయితే ఆవులనూ కుక్కలనూ ఒకే ఆవరణలో ఒకేసారి మొదలుపెట్టవద్దు. మేత, మందు, నేల, పనివారికి కావలసిన నేర్పు అన్నీ వేరు. రామచిలుకనో నక్షత్ర తాబేలునో ఎవరైనా తెచ్చిస్తే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖకు అప్పగించాలే తప్ప, జాలితోనైనా ఉంచుకోకూడదు. వీధికుక్కల విషయంలో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల మూలసూత్రం ఏమిటంటే, ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, తెచ్చిన చోటే వదిలిపెట్టడం. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల వంటి చోట్ల నుంచి తరలించిన కుక్కలను మళ్లీ అక్కడ వదలకూడదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆపరేషన్ల కార్యక్రమం మీరే నడపాలంటే భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు తప్పనిసరి. ఒక చిన్న స్మారక ఆశ్రయానికి ఆ భారం వద్దని నా అభిప్రాయం; కాలు విరిగినవి, చూపు పోయినవి, ముసలివై ఇంట్లోంచి గెంటివేయబడినవి, ఇలా వీధిలో బ్రతకలేని వాటికి మాత్రమే చోటివ్వడం మన శక్తికి సరిపోయే పని.

సంఖ్యను మొదటే రాసి పెట్టుకోండి. మేము 25 కుక్కలు అని రాసి గోడకు అంటించాము. ఇరవై ఆరోదాన్ని ఎవరైనా గేటు దగ్గర కట్టేసి వెళ్లిపోయిన రోజున ఆ కాగితం వైపు చూడడం ఎంత కష్టమో చెప్పలేను, కానీ ఆ గీత దాటిన చోట మొత్తం పాతికకూ తిండి, వైద్యం పలచబడతాయి. గోశాల అయితే లెక్క ఇంకా పెద్దది. పెద్ద ఆవు ఒక్కదానికి రోజుకు సుమారు 15 నుంచి 20 కిలోల పచ్చిమేత, 4 నుంచి 5 కిలోల వరిగడ్డి, ఎండాకాలంలో 50 లీటర్లకు పైగా నీళ్లు కావాలి. కృష్ణా డెల్టాలో వరికోతలు అయ్యే రోజుల్లోనే ఏడాదికి సరిపడా గడ్డి కొని వామి వేసుకోవాలి. వేసవిలో ధర చూసి కొనాలనుకుంటే అప్పటికి గడ్డే దొరకదు.

స్థలం విషయంలో మెరకను మించిన గుణం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కట్టేసి ఉన్న పశువూ బోనులో ఉన్న కుక్కా నీటికి ఎదురు ఈదలేవు. అందుకని బుడమేరు, కొండవీటి వాగు వంటి వాటి పక్కన చవకగా వచ్చే పల్లపు నేలను ఎంత ఆశ చూపినా తీసుకోవద్దు, పక్క ఇళ్ల గోడల మీద పాత వరద చారలను మీ కళ్లతో చూసి రండి. గుంటూరు వైపు నల్లరేగడిలో వానాకాలం బురద పశువుల గిట్టలను పాడుచేస్తుంది కాబట్టి గ్రావెల్ తోలించి నేల ఎత్తు పెంచాలి. మిర్చి కల్లాలకు ఆనుకుని ఉన్న స్థలమూ వద్దు, ఎండబెట్టే రోజుల్లో ఆ ఘాటుకు మనుషులకే కళ్లు మండుతాయి. స్థలం చనిపోయినవారి పేరునే ఉంటే వారసులందరి అంగీకారంతో హక్కులు మార్పించుకున్న తర్వాతే ఒక్క స్తంభమైనా నాటాలి. లీజుకు తీసుకుంటే దానిని రిజిస్టర్ చేయించాలి; ఏడాదికి మించిన లీజుకు చట్టమే ఆ నియమం పెట్టింది.

కాగితాల పని చార్టర్డ్ అకౌంటెంట్ చేతిలో పెడితే త్వరగానే అవుతుంది. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ట్రస్టు దస్తావేజు రిజిస్టర్ చేయించవచ్చు, లేదా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో సంఘం పెట్టుకోవచ్చు. ఏది పెట్టుకున్నా అందులో ఇద్దరైనా కుటుంబం బయటివారు ఉండాలి, సంస్థ మూతపడితే జంతువులు ఎక్కడికి వెళ్లాలో దస్తావేజులోనే రాసి ఉండాలి. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు కోసం 12ఏ, విరాళాలిచ్చేవారికి మినహాయింపు కోసం 80జీ అని అందరూ పిలిచే నమోదులు చేయించుకోవాలి. 2,000 రూపాయలకు మించిన నగదు విరాళానికి 80జీ మినహాయింపు రాదు. మన జిల్లాల్లో ప్రతి ఇంటికీ అమెరికాలో ఒకరు ఉంటారు కాబట్టి ఒక్క సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బుకు ఇబ్బంది లేదు, కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్న మేనల్లుడు పంపితే అది 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ విరాళం. దానికి ముందుగా కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన గది, కొత్తగా వచ్చినవాటిని విడిగా ఉంచే గది. మొదటి వానాకాలంలో అది ఇంకా పూర్తికాకముందే, ఒక కుటుంబం అట్టపెట్టెలో తెచ్చిన రెండు కుక్కపిల్లలను నేను మిగతా పిల్లల మధ్యలోనే వదిలాను. వాటిలో ఒకటి పాలు ముట్టకుండా మూలకు ముడుచుకుంటే ప్రయాణపు బడలిక అనుకున్నాను. మరునాటికి వాంతులు, ఆ పై రోజుకు నెత్తుటి విరేచనాలు. పది రోజుల్లో ఏడు పిల్లలు పోయాయి. అది పార్వో అనే వైరస్ జబ్బు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బ్రతుకుతుంది, మామూలు సబ్బుకు చావదు. పెంటనంతా ముందు కడిగేసి, ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచితే చస్తుంది. పిల్లులున్న చోట ఫినాయిల్ వాడకూడదు, అది వాటికి విషం. ఇప్పుడు మా దగ్గర ఏ జంతువు వచ్చినా 14 రోజులు వేరే గది, వేరే గిన్నెలు, వేరే చీపురు, ఆ గదిలోకే వాడే చెప్పులు. ఆరోగ్యంగా ఉన్నవాటికి ముందు తిండి పెట్టి, ఆ గదికి చివరగా వెళ్లాలి. ఈ వరుస ఒక్కపూట కూడా తప్పకూడదు. వైద్యుడితో నెలవారీ ఒప్పందం ముందే చేసుకోండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మనకు దగ్గరలోనే ఉంది, పశువులకు సంచార వైద్యవాహనం కోసం 1962 నంబరు ఉంది.

పనిచేసే ప్రతి మనిషికీ, అంటే వంటమనిషికి కూడా, చేరకముందే రేబీస్ టీకాలు వేయించాలి. టీకా వేయించుకున్నవారైనా సరే కరిస్తే పుండును వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. పసుపు, కారం అద్దే అలవాటు మనవాళ్లలో ఇంకా ఉంది, దానిని కచ్చితంగా మాన్పించాలి. రేకుల షెడ్డు రోహిణి కార్తెలో పొయ్యిలా కాలుతుంది. రేకుల మీద తాటాకు కప్పించి, దీపావళికి ముందు నిప్పురవ్వలకు అంటుకోకుండా తడిపి ఉంచుకుని, చుట్టూ వేప, కానుగ మొక్కలు మొదటి ఏడాదే నాటండి.

చివరగా, పోయినవారి పేరు ఏ జంతువుకూ పెట్టవద్దు. మా తమ్ముడు చివరిసారి తెచ్చిన కుంటి నల్లకుక్కను అమ్మ వాడి ముద్దుపేరుతో పిలిచేది. అది రెండేళ్లకు కిడ్నీలు చెడి పోయిన రోజున అమ్మకు రెండు చావులూ ఒకేసారి వచ్చాయి, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆశ్రయంలో చావు తరచుగా వస్తుంది. బాధ తీరని జంతువును నిద్రపుచ్చాలా వద్దా అన్న నిర్ణయం వైద్యుడిదీ, కుటుంబం బయటి ట్రస్టీదీ కావాలి. దుఃఖంలో ఉన్న మనిషి ఆ నిర్ణయం ఒంటరిగా తీసుకోలేడు, తీసుకోకూడదు కూడా. పాతిపెట్టడానికి ఆరడుగుల గొయ్యి, పైన సున్నం, బోరుబావికి దూరంగా ఒక మూల ముందే కేటాయించండి.

వర్ధంతి రోజున మేము భోజనాలు పెట్టము. చుట్టుపక్కల పల్లెల్లో కుక్కలకు రేబీస్ టీకాలు వేయిస్తాము, ఏడాది లెక్కల కాగితం గేటుకు అంటిస్తాము. టీకా మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కాబట్టి ఐస్ బాక్సు ముందురోజు రాత్రే సిద్ధం చేసి, కుక్కలను పట్టుకునే వలలూ గోనెసంచులూ ఉతికి ఆరేసి, తెల్లవారుజామున ఐదింటికే బయలుదేరుతాము. ఎండెక్కితే కుక్కలు నీడలకు చేరిపోయి చేతికి చిక్కవు.