పూర్వీకుల జాడ, 3వ పాఠం: 1870 గోడ దాటడం

పోయిన పాఠంలో అమెరికా 1870 జనాభా లెక్కల దాకా వచ్చాం. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్ళలో ఎక్కువమంది పేర్లు ఆ లెక్కల్లోకి ఎక్కింది అప్పుడే. అంతకుముందు ఏముందో చూద్దామంటే దారి మూసుకుపోతుంది. వంశవృక్షాలు వెతికేవాళ్ళు దీన్ని ‘1870 గోడ’ అంటారు.

1850, 1860లలో బానిసల లెక్క విడిగా రాశారు. యజమానికి పేరుంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, ఒంటిరంగు, అంతే. ‘24, ఆడ, నలుపు.’ ఆ వరుసలు మొదటిసారి చూసిన రోజు నాకు ఇంకో పేజీ తిప్పబుద్ధి కాలేదు. మీకూ అలా అనిపిస్తే కాసేపు ఆపేయండి, తప్పులేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం. 1870లో జార్జియాలో డైనా అనే 34 ఏళ్ళావిడ మీకు దొరికిందనుకోండి. 1860లో ఆమెకు 24. వయసులు అందాజాగా రాసేవారు కాబట్టి నాలుగైదేళ్ళు అటూ ఇటూ చూడాలి. ఇంటిపేరునే నమ్ముకోవద్దు, చాలామంది చివరి యజమాని ఇంటిపేరు పెట్టుకోలేదు. విడుదలయ్యాక కూడా పాత పొలాల దగ్గరే ఉండిపోయినవాళ్ళు ఎక్కువ. అందుకే అదే పేజీలోనూ ముందూ వెనకా పేజీల్లోనూ ఆస్తి విలువ గడిలో పెద్ద అంకె ఉన్న తెల్లవాళ్ళ పేర్లు రాసుకుని, 1860 జాబితాలో ఒక్కొక్కరి కిందా ఆ వయసు ఆడమనిషి ఉందేమో చూడండి.

ఉన్నా అది రుజువు కాదు. ఆ యజమాని కుటుంబం వీలునామాలు, ఎవరైనా చనిపోయాక కోర్టుకిచ్చిన ఆస్తి జాబితాలు తీయాలి. గుర్రాలు, మంచాలు, మొక్కజొన్నల పక్కనే ‘డైనా, చంటిబిడ్డ’ అనీ, ఎదురుగా డాలర్లలో వెల అనీ ఉంటుంది. మనిషిని ఆస్తిగా రాశారు గనక ఆస్తి కాగితాల్లోనే వెతకాలి. గుండె బరువెక్కుతుంది, కానీ తల్లీబిడ్డల బంధం కాగితం మీద దొరికే చోటు చాలాసార్లు అదొక్కటే. 1870 లెక్కల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో రాయలేదు, ఆ గడి 1880లో వచ్చింది.

బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ పొదుపు కోసం పెట్టిన, 1865 నుంచి 1874 దాకా నడిచిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పుస్తకాలు కూడా వదలొద్దు. కొన్నిటిలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, పాత యజమాని పేర్లు కూడా ఉంటాయి.

డీఎన్ఏ ఇక్కడ సాక్షి. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకే ముందు టెస్ట్ చేయించండి, తరం తరానికీ పూర్వీకుల డీఎన్ఏ వాటా సగం అవుతూ పోతుంది. ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయిన ఇద్దరికి సగటున 73 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలుస్తాయి, పదిమందిలో ఒకరికి అసలు కలవకపోవచ్చు. అందుకని కలవలేదని బంధం కొట్టేయొద్దు. యజమాని వంశం వాళ్ళతో కలిస్తే, ఆ ఇంట్లో బానిసలుగా ఉన్న ఆడవాళ్ళపై జరిగిన బలాత్కారానికి అది గుర్తు కావచ్చు. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పేముందు వాళ్ళు వినదలచుకున్నారో లేదో అడగండి.

వచ్చే పాఠంలోపు ఒక్క పని: మీకు దొరికిన 1870 పేజీలో ఆస్తి ఉన్న పొరుగువాళ్ళ పేర్లు అయిదు రాసి ఉంచండి.