అక్టోబర్ 15: బడిలో చేతులు కడుక్కునే దినోత్సవం ఎలా జరపాలి?

అంతర్జాతీయ చేతులు కడుక్కునే దినోత్సవం ఏటా అక్టోబర్ 15న వస్తుంది. ఐక్యరాజ్యసమితి పారిశుద్ధ్య సంవత్సరంగా ప్రకటించిన 2008లో ఇది మొదలైంది. మే 5న జరిపే చేతుల పరిశుభ్రత దినం వేరు. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రి సిబ్బంది కోసం నడిపేది. దసరా సెలవులు అడ్డొచ్చిన ఏడాది, బడి తెరిచిన మొదటి వారంలో జరుపుకోవచ్చు.

చాలా బళ్లలో ఆ రోజు ఫ్లెక్సీ కడతారు, ర్యాలీ తీస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు. మర్నాడు కుళాయి దగ్గర సబ్బు ఉండదు. ఫ్లెక్సీ డబ్బు పైపుకూ కుళాయిలకూ పెట్టండి. కింది లెక్కలన్నీ 120 మంది పిల్లలున్న గుంటూరు ప్రాథమిక పాఠశాలకు వేసినవి.

ముందు వరుస లెక్క వేయండి

పిల్లలు చేతులు కడుక్కోకపోవడానికి తెలియకపోవడం కన్నా వరుస పెద్ద కారణం. ఒక్కొక్కరికి 45 సెకన్లు పడుతుంది. రెండు కుళాయిలే ఉంటే 120 మందికి 45 నిమిషాలు. అన్నం గంట కొట్టాక అంతసేపు ఏ పిల్లాడూ ఆగడు, సరాసరి పళ్లెం దగ్గరికే పోతాడు. ఆరు కుళాయిలుంటే 15 నిమిషాల్లో అయిపోతుంది. తలకు అర లీటరు చొప్పున 60 లీటర్ల నీళ్లు కావాలి.

కుళాయిల వరుస: పది రోజుల ముందే

మూత ఉన్న 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము, ట్యాంక్ నిపిల్ (డ్రమ్ముకు పైపు బిగించే ముక్క), ఒక బాల్ వాల్వ్ (నీళ్లు కట్టేసే మీట), పది అడుగుల అంగుళం పీవీసీ పైపు, అర అంగుళం ఇత్తడి మర ఉన్న టీలు (పైపుకు కుళాయి బిగించే మూడు నోళ్ల ముక్కలు) ఆరు, కుళాయిలు ఆరు, చివరికి మరతో విప్పగలిగే మూత, పైపు అతికించే జిగురు. ఇంతే సామాను. పురుగుమందు వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినదైనా వాడొద్దు. మిర్చి, పత్తి పండే మన జిల్లాలో అలాంటివి చవగ్గా దొరుకుతాయి కాబట్టి మరీ మరీ చెప్పాల్సి వస్తోంది.

కుళాయిలు నేల నుంచి రెండడుగుల ఎత్తులో, ఒకదానికొకటి అడుగున్నర దూరంలో ఉండాలి. డ్రమ్ము అడుగు భాగం పైపు కన్నా కనీసం ఒక అడుగు పైన ఉండేలా దిమ్మె కట్టండి. ఎత్తు చాలకపోతే చివరి రెండు కుళాయిల్లో నీళ్లు బొట్లు బొట్లుగా పడతాయి, పిల్లలంతా మొదటి కుళాయి దగ్గరే తోసుకుంటారు. జిగురు పెట్టాక ఒక రోజంతా ఆరనిచ్చి అప్పుడు నీళ్లు నింపండి. కింద కంకర పోసి, నీళ్లు చెట్ల పాదులకు పోయేలా కాలువ తీయండి. బురద అయితే చిన్నపిల్లలు అటువైపే రారు.

సబ్బు నిలబడాలంటే

విడిగా పెట్టిన సబ్బు వానకు కరుగుతుంది, లేదంటే కాకి ఎత్తుకుపోతుంది. ఉల్లిపాయలు వచ్చే వల సంచిలో వేసి పైపుకు కట్టండి. పాత సాక్సులో వేస్తే తడి ఆరక మెత్తబడిపోతుంది.

ఇంకా చవకైనది సబ్బునీళ్ల సీసా. లీటరున్నర నీళ్లలో 30 గ్రాముల బట్టల సబ్బు పొడి కలిపి, మూతకు సన్నని రంధ్రం పెట్టండి. ఉప్పు తగిలే బోరునీళ్లలో మామూలు సబ్బు తెట్టుకట్టి నురగ రాదు. ఈ పొడికి ఆ ఇబ్బంది తక్కువ. సీసా మీద "తాగరాదు" అని పెద్దక్షరాలతో రాయండి. శీతల పానీయాల సీసాలు మాత్రం వద్దు, చిన్నపిల్లలు పొరబడతారు.

ఆ రోజు చేయించాల్సింది: పసుపు పరీక్ష

ఉపన్యాసాలకు పది నిమిషాలు చాలు. మిగతా సమయం దీనికివ్వండి.

1. 40 మంది ఉన్న తరగతికి 50 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో రెండు చెంచాల వంట పసుపు కలపండి. కుంకుమ వాడొద్దు, అందులో రసాయన రంగులు ఉండొచ్చు.

2. ఒక్కొక్కరి అరచేతిలో పావు చెంచా వేసి, గోళ్ల దాకా రుద్దుకోమనండి. యూనిఫాం చేతులు ముందే మోచేతి పైకి మడిపించండి. పసుపు మరక ఇంట్లో గొడవ తెస్తుంది.

3. ఉత్త నీళ్లతో కడగమనండి. నూనె జిడ్డు పోదు, పసుపూ పోదు. చేతికంటిన మురికీ ఇంతే.

4. ఇప్పుడు సబ్బు బిళ్ల రుద్దమనండి. సబ్బులోని క్షారం తగిలిన చోట పసుపు ఎర్రబడుతుంది. పసుపూ సున్నమూ కలిపితే పారాణి ఎర్రబడేది కూడా ఇందుకే. సబ్బు తగలని చోటు పచ్చగానే మిగులుతుంది.

ఎక్కువగా పచ్చగా మిగిలేవి బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల చివరలు. ఎవరి చెయ్యి వాళ్లే చూసుకుంటారు కాబట్టి మళ్లీ చెప్పక్కర్లేదు. పచ్చగా మిగిలిన బొటనవేళ్లు ఎన్నో లెక్కపెట్టి రాసి పెట్టుకోండి. చాలా లిక్విడ్ హ్యాండ్‌వాష్‌లలో క్షారం ఉండదు, వాటితో రంగు మారదు. ముందురోజే ఒకసారి చేసి చూసుకోండి.

సబ్బు రుద్దడం కనీసం 20 సెకన్లు సాగాలి. రెండో ఎక్కం పైకి చదివిస్తే దాదాపు సరిపోతుంది. గడియారం పెట్టి వేగం సరిచూసుకోండి. తుడుచుకోవడానికి అందరికీ ఒకే తువ్వాలు పెట్టొద్దు. విదిలించి గాలికి ఆరనిస్తే మేలు.

అమ్మలను పిలిస్తే

రెండే మాటలు చెప్పండి: మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, అన్నం ముట్టుకునే ముందు. పసిబిడ్డ ఉన్నవాళ్లకైతే బిడ్డ ముడ్డి కడిగాక కూడా. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే తల్లులకు ఇంకోటి చెప్పాలి. కారపు ఘాటు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చేతులకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడుక్కుని బిడ్డనెత్తుకోవాలి.

చేతులు కడిగితే అన్నీ ఆగిపోతాయని మాత్రం చెప్పొద్దు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేటలో అతిసారం ప్రబలింది తాగునీళ్లలో మురుగునీరు కలిసి. నీళ్ల రంగు, వాసన మారితే కాచి తాగాలని, పురపాలక సిబ్బందికి వెంటనే చెప్పాలని కూడా ఆ రోజే వివరించండి.

అక్టోబర్ 16 నుంచి

డ్రమ్ము నింపే పని ఒకరి పేరు మీద ఉండాలి. అందరి పనీ అంటే ఎవరూ చేయరు. మూత ఎప్పుడూ వేసి ఉంచండి, వారానికోసారి ఖాళీ చేసి లోపలి గోడలు రుద్ది కడగండి. లేకపోతే డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. పైపు చివరి మూత విప్పి ఇసుక కూడా అప్పుడే వదిలేయండి.

సబ్బునీళ్ల సీసా మీద సోమవారం ఉదయం మట్టం దగ్గర గీత గీయండి. శనివారానికి మట్టం దిగకపోతే పిల్లలు ఉత్త నీళ్లే వాడుతున్నారని అర్థం. నవంబర్ 14 బాలల దినోత్సవం నాడు పసుపు పరీక్ష మళ్లీ పెట్టి, పచ్చగా మిగిలిన బొటనవేళ్లు ఎన్నో లెక్కపెట్టి అక్టోబర్ లెక్క పక్కన రాయండి.