ఒకే నియమం, మూడు మాధ్యమాలు – 3వ పాఠం: కాగితం నుంచి కోడ్‌కి, కోడ్ నుంచి మోటారుకి

గత పాఠంలో స్కేలు, పెన్సిలు పట్టుకుని గళ్ళు గీశాం. అడ్డంగా 12, నిలువుగా 22. పై వరుసలో గళ్ళు నిటారుగా ఉండాలి, కిందికి వెళ్ళేకొద్దీ ఒరుగుతూ, చోటు తప్పుతూ పోవాలి. నియమం అంతే. ఇది జర్మన్ కంప్యూటర్ కళాకారుడు గేఓర్గ్ నేస్ 1968లో కంప్యూటర్‌తో గీయించిన ‘షోటర్’ అనే బొమ్మలోది. మళ్ళీ దాన్నే ఎందుకు పట్టుకున్నామంటే, ఒక్క వాక్యంలో చెప్పగలిగే నియమం ఏ మాధ్యమంలోకైనా వెళ్తుంది.

మీ కాగితాన్ని ఎదురుగా పెట్టుకోండి. ఒక గడి ఎడమకి ఒరిగితే పక్కదాన్ని కుడికి ఒంచారు కదూ? చాలామంది చేతులు అలాగే చేస్తాయి. యాదృచ్ఛికంగా గీస్తున్నామనుకుంటూనే సమతూకం కోసం పాకులాడతాం. కోడ్‌కి ఆ అలవాటు లేదు. వరసగా నాలుగు గళ్ళు ఒకే వైపు ఒరిగినా దానికి పట్టదు.

పి5.జెఎస్ (బ్రౌజర్‌లో కోడ్‌తో బొమ్మలు గీయించే లైబ్రరీ) ఎడిటర్ తెరవండి. వరుసలకి ఒక లూప్, దాని లోపల నిలువు గళ్ళకి ఇంకో లూప్. కోణాలు డిగ్రీల్లో ఉండేలా, చతురస్రం కేంద్రం నుంచి గీసేలా ముందే సెట్ చేసుకోండి. గడి భుజం 30 పిక్సెళ్ళు. వరుస సంఖ్య 0తో మొదలై 21తో ముగుస్తుంది. మైనస్ 1కీ 1కీ మధ్య ఒక రాండమ్ సంఖ్య తీసుకుని, వరుస సంఖ్యతోనూ 2తోనూ గుణిస్తే ఒరిగే కోణం వస్తుంది. పై వరుసలో సున్నా, చివరి వరుసలో ఎటైనా 42 డిగ్రీల దాకా. చోటు తప్పడానికి మళ్ళీ కొత్త రాండమ్ సంఖ్యలు తీసుకుని, వరుస సంఖ్యతోనూ 0.5తోనూ గుణించండి. కోణానికి వాడిన సంఖ్యనే ఇక్కడా వాడితే ఎక్కువ ఒరిగిన గడే ఎక్కువ జరుగుతుంది, బొమ్మలో ఒక క్రమం కనబడిపోతుంది.

అసలు చిక్కు తిప్పే ఆదేశం రొటేట్ దగ్గర. అది గడిని తన కేంద్రం చుట్టూ తిప్పదు. కాన్వాస్ ఎడమ పై మూల సున్నా బిందువు, దాని చుట్టూ మొత్తం తలాన్నే తిప్పేస్తుంది. అందుకే ప్రతి గడికీ వరుస ఇది: పుష్ (ఇప్పటి స్థితిని దాచుకోవడం), ట్రాన్స్‌లేట్‌తో గడి కేంద్రానికి వెళ్ళడం, రొటేట్, చతురస్రం గీయడం, పాప్ (దాచిన స్థితికి తిరిగి రావడం). పాప్ మరిచిపోతే ఒక గడి తిరుగుడు తర్వాతి గడికి చేరుతుంది, అలా పేరుకుంటూ పోయి బొమ్మ తెర బయటికి జారిపోతుంది. ఒక్కసారి కావాలనే పాప్ తీసేసి చూడండి, విషయం బాగా బుర్రకెక్కుతుంది.

రన్ చేయగానే గళ్ళన్నీ వణుకుతాయి. డ్రా ఫంక్షన్ సెకనుకి దాదాపు 60 సార్లు నడుస్తుంది కాబట్టి ప్రతిసారీ కొత్త రాండమ్ సంఖ్యలు పడుతున్నాయి. నోలూప్ పెడితే ఆగిపోతుంది. రాండమ్‌సీడ్‌కి ఒక సంఖ్య (సీడ్) ఇస్తే ఎన్నిసార్లు నడిపినా అదే బొమ్మ వస్తుంది. నచ్చిన బొమ్మ సీడ్ సంఖ్యను నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి.

ఇప్పుడు మూడో మాధ్యమం, మోటారు. కావలసినవి: ఆర్డ్యునో ఊనో (కోడ్‌తో నడిచే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు), ఒక ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి నిరోధం మారే సెన్సర్), 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, చిన్న సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేది). సర్వో చేతికి అట్టముక్క చతురస్రం అంటించండి. ఎల్‌డీఆర్ ఒక కాలు 5 వోల్ట్‌లకి, రెండోది బోర్డు మీద రీడింగ్ తీసుకునే ఏ0 పిన్నుకి. అదే ఏ0 నుంచి రెసిస్టర్ గ్రౌండ్‌కి. వెలుతురు పెరిగితే ఎల్‌డీఆర్ నిరోధం తగ్గి, ఏ0 దగ్గర రీడింగ్ పెరుగుతుంది.

రీడింగ్ 0 నుంచి 1023 దాకా ఉండొచ్చు, కానీ గదిలో ఆ రెండు కొసలూ అందడం అరుదు. కాబట్టి ముందు సెన్సర్‌ని చేత్తో కప్పి ఒక సంఖ్య, దీపం కింద పెట్టి ఒక సంఖ్య నోట్ చేసుకోండి. ఇక్కడ వరుస సంఖ్య పని చీకటి చేస్తుంది: చీకటి సంఖ్యకి 45 డిగ్రీలు, వెలుతురు సంఖ్యకి సున్నా వచ్చేలా మ్యాప్ చేసి, కన్‌స్ట్రెయిన్‌తో హద్దులు కట్టండి. అర సెకనుకోసారి 90కి అటూ ఇటూ ఆ పరిధిలో ఒక కోణం సర్వోకి పంపండి. ఒక మెలిక ఉంది: ఆర్డ్యునోలో రాండమ్ పై హద్దును కలుపుకోదు, దానికి 1 కూడాలి. మోటార్లు ఒకటికి మించితే విడిగా పవర్ ఇచ్చి, గ్రౌండ్ మాత్రం బోర్డుతో కలపండి.

ఇక్కడ కొత్తగా రెండు వచ్చి చేరాయి: మోటారు చప్పుడు, తిరగడానికి పట్టే సమయం. కాగితం మీదా తెర మీదా ఇవి లేవు. చాలామంది విద్యార్థులు ఆ చప్పుడును లోపమనుకుని స్పాంజి చుట్టి దాచేస్తారు. అలా చేయొద్దని నా గట్టి సలహా. నియమం ఈ మాధ్యమంలోకి రావడం వల్లే ఆ చప్పుడు పుట్టింది, ప్రాజెక్టులో విలువైన భాగం అదే.

అభ్యాసం: మీ నియమం వాక్యాన్ని పేజీ పైన రాసి, కింద మూడు మాధ్యమాల్లో ఒక్కోటి మీరు అడగకుండా ఏం చేర్చిందో రాయండి. వచ్చే పాఠంలో సెన్సర్ రీడింగ్‌ని యూఎస్‌బీ కేబుల్ ద్వారా బ్రౌజర్‌లోకి తెచ్చి, తెర మీది 264 గళ్ళనీ గది వెలుతురుతో కదిలిద్దాం. బోర్డు మీద కట్టిన సర్క్యూట్‌ని విప్పకుండా అలాగే ఉంచండి.