చిన్నపిల్లలతో థీమ్ పార్కుకు వెళ్లే ముందు

• ఇంట్లోనే ఎత్తు కొలవండి. పెద్ద రైడ్లకు కనీస ఎత్తు నిబంధన ఉంటుంది. ఫ్లోరిడా డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే 112 సెంటీమీటర్లు ఉండాలి. వరసలో అంతసేపు నిలబడ్డాక వెనక్కి పంపేస్తే పసివాళ్ల మనసు చాలా నొచ్చుకుంటుంది. అందుకే ఎక్కగలిగే రైడ్ల గురించే ముందుగా చెప్పి ఆశ పెట్టండి.

• పెద్దవాళ్లు వంతులవారీగా ఎక్కే 'రైడర్ స్విచ్' సదుపాయం ఉందేమో కనుక్కోండి. ఒకరు ఎక్కొచ్చేదాకా ఇంకొకరు పిల్లల దగ్గర ఉంటారు. రెండోవాళ్లు మళ్లీ మొదటినుంచి వరస కట్టక్కర్లేదు.

• అన్నిటికన్నా ముఖ్యం మధ్యాహ్నం నిద్ర. డబ్బు పెట్టి వచ్చాం కదా అని రోజంతా తిప్పకండి. గేటు తెరిచే వేళకే వెళ్లి, ఎండ ముదిరేసరికి గదికి వచ్చేయండి. నాలుగు రైడ్లు తగ్గినా పర్వాలేదు, సాయంత్రం హుషారుగా ఉంటారు.

• తప్పిపోతే అనే టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. మణికట్టుకు మీ ఫోన్ నంబరు కట్టండి. ఆ రోజు వేసిన బట్టలతో పొద్దున్నే ఒక ఫొటో తీసుకోండి.

• అలవాటైన బూట్లు, టోపీ, నీళ్లు, రెండు జతల బట్టలు.

• బాణసంచా ఉంటే చెవులకు ఇయర్‌మఫ్స్.